సిగారుకు తల ఎటువైపు

మా ఇంట్లో పొగాకు ఉండేది కానీ పొగ ఉండేది కాదు. నిజామాబాదులో మా వాడలో ఏ ఇంటి ముందు చూసినా ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టే ఆడవాళ్లే. మా అక్క వాళ్లలో ఒకతె. మమ్మల్ని కన్న బాపు, అవ్వ పోయిన తర్వాత నన్ను మెట్రిక్ దాకా లాక్కొచ్చింది ఆమె చాటే. నా పుస్తకాలన్నీ తునికాకు వాసన వేసేవి. నా జవాబులు కూడా పొగలాంటివేనని మా పంతులు అనేవాడు, మొదలు కనిపిస్తుంది గానీ చివర ఎటు పోయిందో తెలియదని.

అంత పొగాకు మధ్య పెరిగి కూడా నేను ఒక్క బీడీ తాగి ఎరుగను. అది నీతి కాదు, భయం. చుట్టిన ప్రతి బీడీ కార్ఖానాకు చేరాలి. ఇంట్లో మగవాడు ఒకటి ముట్టించాడంటే ఆడమనిషి ఇంకొకటి చుట్టాలి. మా వాడలో కొన్ని ఇళ్లల్లో పెళ్లాం చుట్టుకుంటూ పోతుంటే మొగుడు వెనకనుంచి కాల్చుకుంటూ వచ్చేవాడు. తన చాటలో చెయ్యి పెడితే వేళ్లు ఉండవని అక్క నాకు చిన్నప్పుడే చెప్పింది. ఆమె ఆకు కత్తిరించే కత్తెర చాలా పదునైనది. అందుచేత నాకు మంచి అలవాట్లు వచ్చాయి.

అరవైల మొదట్లో నాకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో నౌకరి దొరికింది. దొరికింది అనడం కొంచెం ఎక్కువే. అది సీజన్ నౌకరి. చెరుకు బండ్లు వచ్చినన్నాళ్లు నేను గుమాస్తాను, బండ్లు ఆగితే నేనూ ఆగిపోతాను. ఎండలు ముదిరే వేళకు మిల్లు నిలిచిపోతే ఇంటికి, చలి మొదలయ్యే వేళకు మళ్లీ పిలుపు. చెరుకుకైనా రసం తీసిన తర్వాత పిప్పి అని ఒక పేరుంటుంది, అది బాయిలర్లోకి పనికొస్తుంది. అన్‌సీజన్లో నాకు ఆ పేరూ లేదు, ఆ పనీ లేదు.

ఇట్లాంటి నాకు అక్క ఒక సంబంధం చూసింది. పిల్ల తండ్రి బీడీ కార్ఖానాలో చెకింగ్ చేసేవాడు. ఆడవాళ్లు తెచ్చిన కట్టలు విప్పి, ఒక్కొక్క బీడీని రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, మెత్తగా ఉన్నది, వదులుగా ఉన్నది, మూతి సరిగా మడవనిది పక్కకు పడేయడం ఆయన పని. ఏళ్ల తరబడి అదే చేసీ చేసీ మనుషులను కూడా అట్లాగే చూసేవాడు. నన్ను చూడవచ్చిన రోజు నా భుజం మీద చెయ్యి వేస్తే ఆప్యాయత అనుకున్నాను. నొక్కి చూస్తున్నాడని తర్వాత అర్థమైంది.

నాకు పిల్ల నచ్చింది. పిల్లకు నేను నచ్చానా అని అడిగే ఆచారం అప్పట్లో లేదు. అది నా అదృష్టం. తండ్రికి కూడా నా మీద పెద్ద అభ్యంతరం లేదు గానీ ఒక్క దగ్గర ఆగిపోయాడు.

"పిలగాడు మంచోడే," అన్నాడు అక్కతో. "గని సీజన్ల అయితే నా బిడ్డను గీయన సాకుతడు. అన్‌సీజన్ల ఎవలు సాకాలె?"

నౌకరి పర్మినెంటు అయితే లగ్గం పెట్టుకుందామని, ఈ సీజన్ మిల్లు తిరిగేలోపు ఏదో ఒక మాట చెప్పమని ఆయన లేచాడు. పోతూ పోతూ భీమ్‌గల్ నుంచి ఇంకో సంబంధం వచ్చిందని, ఆ పిలగాడికి కిరాణా దుకాణం ఉందని గడప దగ్గర ఒక మాట వదిలిపోయాడు. ఆ మాట చాలా రోజులు మా గడప దగ్గరే కూర్చుంది. కిరాణాకు అన్‌సీజన్ ఉండదు కదా.

ఆ ఏడు సీజన్ ఇంకా మొదలు కాకముందే నాకు బోధన్ నుంచి పిలుపు వచ్చింది. అక్క దేవుడికి దండం పెట్టింది. నేను రైలెక్కాను. ఆఫీసులో మా హెడ్ క్లర్కు సాహెబు నా కోసమే ఎదురుచూస్తున్నాడు. వాళ్లది బోధన్‌లో తరాలుగా ఉన్న కుటుంబం. ఆయన వచ్చేముందు ఇత్తరు వాసన వచ్చేది, ఆ తర్వాత ఆయన వచ్చేవాడు, చివరికి ఆయన కోపం వచ్చేది. మూడింటిలో చివరిది తొందరగా పోయేది.

కలకత్తా నుంచి ఒక పెద్ద ఇంజనీరు వస్తున్నాడట. మిల్లులో చెరుకు పిండే రోలర్లు బాగు చేయించి, మొదటి చెరుకు పడేదాకా ఇక్కడే గెస్ట్‌హౌసులో ఉంటాడట. మనిషి మంచివాడే గానీ సిగారు విషయంలో మాత్రం చాలా పట్టింపు. పోయినసారి వచ్చినప్పుడు గెస్ట్‌హౌసు నౌకరు ఒకడు ఆయన సిగార్లను ఎండలో పెట్టాడట, ఆయన మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట, రోలర్లతో కూడా.

"మియా, నీది నిజామాబాదే గదా," అన్నాడు సాహెబు. "బీడీల ఊరు. సిగార్ సంగతి నీకు గాక ఇంకెవలకు ఎరుక? ఆయన ఖుష్ అయితే మేనేజర్ ఖుష్. మేనేజర్ ఖుష్ అయితే నీ పర్మినెంటు మాట నేను ఆయన ముందట పెడత."

నేను ఔననలేదు, కాదననూ లేదు. పర్మినెంటు కానివాడికి ఆ రెండు మాటలూ అప్పటికింకా మంజూరు కాలేదు. సాహెబు దాన్ని ఔననే అనుకున్నాడు. చుట్టం ఆయనకు, చుట్ట ఆ చుట్టానికి, చుట్టుకున్నది నాకు.

నిజానికి నేను అప్పటిదాకా సిగారు చూడలేదు. వర్ని వైపు కాలువ కింద స్థిరపడిన కోస్తా రైతులు చెరుకు బండ్ల మీద కూర్చొని చుట్ట కాల్చుతుంటే చూశాను. ఆ చదువుతో సరిపెట్టుకుందామని ఒక ముసలి రైతును పట్టుకొని చుట్టల్లో రకాలేమిటని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, తడిసింది, తడవంది అన్నాడు. నా పరిజ్ఞానం అక్కడితో పూర్తయింది.

కలకత్తా దొర వచ్చాడు. దొర అని మేము పెట్టుకున్న పేరే గానీ ఆయన బెంగాలీ పెద్దమనిషి. పల్చటి మనిషి, తెల్ల మీసాలు, ఇంగ్లీషు కలిసిన హిందీ. వచ్చిన సాయంత్రమే గెస్ట్‌హౌసు వరండాలో నన్ను కూర్చోబెట్టి ఒక చెక్క పెట్టె తెరిచాడు. లోపల వరసగా, ఒకదానికొకటి ఆనుకొని, గోధుమరంగు సిగార్లు. ఒక్కొక్కదాని నడుముకు బంగారు రంగు కాగితపు పట్టీ. నా ముక్కుకు మాత్రం ఇంటి వాసనే వచ్చింది. ప్రాణం లేచివచ్చింది. ఇది కూడా మన చాటలో పుట్టినదే అనుకున్నాను.

పాఠం మొదలైంది. పైన చుట్టిన ఆకు రాపర్. దాని కింద ఊడిపోకుండా కట్టి ఉంచేది బైండర్. లోపల కూరింది ఫిల్లర్. ఇంతవరకు నాకు బాగానే పట్టింది. ఎందుకంటే మా ఫ్యాక్టరీ కూడా అట్లాగే ఉండేది. పైకి నిగనిగలాడుతూ కనిపించే ఆఫీసర్లు రాపర్. ఊడిపోకుండా పట్టుకునే సాహెబు లాంటివాళ్లు బైండర్. లోపల కనిపించకుండా కాలిపోయే సీజన్ వాళ్లం ఫిల్లర్. దొరకు ఈ పోలిక చెప్పలేదు. పర్మినెంటు అయ్యాక చెబుదామని దాచుకున్నాను.

తర్వాత బాడీ వచ్చింది. మైల్డ్, మీడియం, ఫుల్. ఫుల్ బాడీ అంటే నిండు ఘాటు, అలవాటు లేనివాడు తాగితే నిలబడలేడు అని ఆయన చెప్పాడు. నేను వెంటనే నా బాడీ వైపు చూసుకున్నాను. హాఫ్ కూడా లేదు. డ్రా అంటే పొగ ఎంత తేలిగ్గా లోపలికి వస్తుందో అది. మన భాషలో దమ్ము. నాకు లేనిదదే. రింగ్ అనే మాట దగ్గర నేను బోల్తా పడ్డాను. మరునాడు ఆయన పెద్ద రింగ్ ఉన్నది పట్టుకురమ్మంటే, బంగారు పట్టీ వెడల్పుగా ఉన్నది ఏరి తెచ్చాను. రింగ్ అంటే సిగారు లావు అట. ఆయన ఓపికగా చెప్పాడు. నేను అంతకంటే ఓపికగా తల ఊపాను. తెలియనివాడు తెలిసినవాడి కంటే ఎక్కువసార్లు తల ఊపుతాడు.

హెడ్, ఫుట్ అని కూడా చెప్పాడు. సిగారుకు తల ఉంటుంది, పాదం ఉంటుంది. ఒక కొస మూసి ఉంటుంది, ఒక కొస తెరిచి ఉంటుంది. ఏది తల, ఏది పాదం అని నేను అడగలేదు, ఎందుకంటే అది నాకు పుట్టుకతో తెలుసనుకున్నాను. బీడీలో మూతి మడిచి మూసిన కొస లావుగా ఉంటుంది, నిప్పు అక్కడ పెడతాం. సన్నటి కొసకు దారం కడతాం, నోట్లో అది పెట్టుకుంటాం. నిప్పున్న చోటే తల. దీపానికైనా మా సాహెబుకైనా వేడి తలలోనే కదా పుట్టేది.

ఆ తప్పు బయటపడే వీలు కూడా లేకపోయింది. పెద్దవాళ్లు పొగ తాగుతుంటే ఎదురుగా నిలబడి చూడకూడదని మా ఇళ్లల్లో మర్యాద. నేను పెట్టె అందించి, అగ్గిపెట్టె అందించి తలుపు వెనక్కి వెళ్లేవాణ్ణి. మళ్లీ పిలిచేసరికి వరండాలో పొగ, గిన్నెలో బూడిద తప్ప ఏమీ మిగిలేది కాదు. దొర నా మర్యాదను తెలివి అనుకున్నాడు. సిగారు తెలిసినవాడు తాగేవాణ్ణి ఒంటరిగా వదిలేస్తాడని సాహెబుతో చెప్పాడట. పొగాకులోంచి పొగడ్త పుట్టడం నేను మొదటిసారి చూశాను. పక్కనే పొగరు కూడా పుట్టింది, అది నాలో.

కొద్దిరోజుల తర్వాత దొరకు హైదరాబాదులో ఏదో పని పడింది. శనివారం వెళ్లి మంగళవారం వస్తానన్నాడు. పోతూ పెట్టె నా చేతిలో పెట్టి, ఆరిపోనివ్వకు, తేమ పోతే రాపర్ పగిలిపోతుంది, ప్రాణంలాగా చూసుకో అన్నాడు. ఆ గెస్ట్‌హౌసులో ప్రాణానికి రక్షణ ఎక్కడిది. చక్కెర ఊరు, ప్రతి గోడ మీదా చీమల బారులు. పైగా వంటమనిషి ఆ పెట్టె వైపు రోజూ భక్తితో చూస్తున్నాడు. ఆదివారం నేను ఇంటికి పోవాలి. కాబట్టి పెట్టెను తువ్వాలలో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకొని నిజామాబాదు తెచ్చాను. పక్కన కూర్చున్న ముసలామె, బిడ్డ ఎన్ని నెలలదని అడిగింది.

ఇంట్లో గూట్లో పెట్టి, ముట్టొద్దని అక్కకు చెప్పి, నేను పిల్ల తండ్రి దగ్గరికి వెళ్లాను. ఆయనే కబురు పెట్టాడు. మిల్లు తిరిగే రోజులు దగ్గరికి వచ్చాయి, మాట ఏమైందని. నేను కూర్చొని దొర సంగతి, సాహెబు మాట, రాపర్, బైండర్, ఫుల్ బాడీ, అన్నీ చెప్పాను. ఆయన అంతా విని, ఇంతకూ పర్మినెంటు అయిందా అని అడిగాడు. మంగళవారం దొర తిరిగి వస్తాడు, ఆ రోజు తేలుతుంది అన్నాను.

"అయితే మంగళారం నేనే బోధన్ వస్త," అన్నాడు ఆయన. "నీ నోటితోని కాదు, నా కండ్లతోని సూస్త."

ఇంటికి వచ్చేసరికి మా వాకిట్లో పిల్లలు అటూ ఇటూ పరుగెత్తుతున్నారు. ఒక్కొక్కరి వేలికి ఒక బంగారు ఉంగరం. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటూ లోపలికి వెళ్లాను. అక్క పొయ్యి పక్కన కూర్చొని ఉంది. ముందు చాట. చాటలో సిగార్లు.

ప్రతి సిగారుకు ఒక కొసన దారం బిగించి ఉంది. బీడీకి కట్టే గులాబీ రంగు దారం. ముడి ఎంత ముచ్చటగా ఉందంటే, పిల్ల తండ్రి చూసినా పక్కకు పడేయడు. బంగారు పట్టీలు లేవు. సిగార్లు పొయ్యి సెగకు కాగి గలగలలాడుతున్నాయి.

నేను చాట ముందు చతికిలబడ్డాను. దగ్గరనుంచి చూసి మెచ్చుకోవడానికి కూర్చున్నాననుకుంది అక్క.

"ముట్టొద్దన్నవు గని తమ్మీ, గూట్లకెల్లి పచ్చి తంబాకు వాసనొచ్చింది. తెరిచి సూస్తె అన్ని మెత్తగున్నయి," అంది. "ఒక్కదానికి దారం లేదు. ఎవలు చుట్టిండ్రో గని పని రాదు. గియి తీస్కపోయి దొర చేతుల పెడితె ఊడిపోతయి, ఆయన నీ మీద ఒర్లుతడు, ఇగ నీ పర్మినెంటు ఏడికెల్లి వస్తది? అందుకే అన్ని సెగకు కాపి, దారం కట్టిన. కాయిదం కాలితె గొంతు పడ్తదని కాయిదాలు తీసి పోరగాండ్లకిచ్చిన."

బీడీలు ఒక కట్ట తక్కువ చుట్టి ఆ మధ్యాహ్నమంతా నా పెళ్లి కోసం పని చేసింది అక్క. కార్ఖానాకు ఇవ్వాల్సిన దారం తెంపి వాటికి కట్టింది. ఆమెను ఏమనాలి? ఊడిపోకుండా లోపల బైండర్ ఉంటుందని నేను గొణిగాను. లోపట కడితె ఏంది, కనపడనప్పుడు నమ్ముడెట్ల అంది. సీజన్ మనిషిని, కనపడని వాటి గురించి గట్టిగా మాట్లాడలేను.

పిల్లల వేళ్ల నుంచి ఉంగరాలు తిరిగి తీసుకుందామని చూశాను. సగం చిరిగిపోయాయి. ఒక పిల్ల ఏడ్చింది. ఇక వదిలేశాను.

మంగళవారం దొర వచ్చాడు. అంతకుముందే సాహెబుకు పెట్టె చూపించాను. ఆయన ఇత్తరు వాసన కూడా ఒక్క క్షణం ఆగిపోయినట్టు అనిపించింది. తర్వాత చాలాసేపు ఉర్దూలో దేవుడితో మాట్లాడాడు. చివరికి నాతో, నువ్వు మాట్లాడకు, నేను సంభాళిస్తాను అన్నాడు. భోజనమయ్యాక దొర వరండాలో కూర్చొని పెట్టె తెరిచాడు. సాహెబు ఒక పక్క, నేను ఒక పక్క. గేటు బయట రోడ్డు మీద ఆ ఏటి మొదటి చెరుకు బండ్లు బారులు తీరుతున్నాయి. ఎడ్ల గంటలు వరండా దాకా వినపడుతున్నాయి.

దొర ఒక సిగారు తీసి తిప్పి చూశాడు. దారాన్ని వేలితో మీటాడు. ఇదేమిటని అడిగాడు. సాహెబు లేచి, బందోబస్తు కోసమని ఏదో అందుకున్నాడు. దొర చెయ్యి ఎత్తి ఆయన్ను ఆపి నా వైపు చూశాడు. నాకు వేరే దారి లేక అక్క, చాట, పొయ్యి, దారం, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లల ఉంగరాల సంగతి కూడా చెప్పాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడకపోవడంతో ఇంకా భయమేసింది. మీ అక్క దారం ఈ కొసకు ఎందుకు కట్టింది అని అడిగాడు. అది నోట్లో పెట్టుకునే కొస కదా అన్నాను. ఆయన మీసాలు కొంచెం కదిలాయి. అయితే నిప్పు ఎక్కడ పెడతావని అడిగాడు. తలకు అని మూసి ఉన్న కొస చూపించాను. సాహెబు కళ్లు మూసుకున్నాడు.

దొర ఆ సిగారును నా చేతిలో పెట్టి, మీ ఊళ్లో ఎట్లా తాగుతారో నేను చూడాలి, తాగు అన్నాడు.

నేను సాహెబు వైపు చూశాను. నీ పర్మినెంటు తాగితేనే అన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేశాడు. ఇరవై ఏళ్లకు పైగా పొగాకు మధ్య బతికిన మనిషిని, ఆ రోజు మొదటిసారి దాన్ని నోట్లో పెట్టుకున్నాను. దారం కట్టిన కొస నోట్లో, మూసిన కొస మీద నిప్పు. లాగాను. ఏమీ రాలేదు. మళ్లీ లాగాను. బుగ్గలు లోపలికి పోయి ఒకదానికొకటి తగిలాయి గానీ పొగ రాలేదు. నా నోట్లోకి నలిగిన ఆకు వచ్చింది, గులాబీ దారం వచ్చింది. ఇంకొక్కసారి ప్రాణమంతా పెట్టి లాగాను. అప్పటికి మూసి ఉన్న కొస కాలి తెగినట్టుంది. లోపల ఎక్కడో ఆగి ఉన్న పొగంతా ఒక్కసారి వచ్చింది. మా వాడ మగవాళ్లు బీడీ పొగను ఎట్లా మింగుతారో చూసి ఉన్నాను. మింగాను.

ఫుల్ బాడీ అంటే ఏమిటో అప్పుడు అర్థమైంది. ముందు చెవులు వేడెక్కాయి. తర్వాత వరండా స్తంభాలు నెమ్మదిగా నా చుట్టూ తిరిగాయి. దొర ఏదో చెబుతున్నాడు. సిగారు పొగ మింగరు, నోట్లో తిప్పి వదిలేస్తారు అంటున్నాడు. అది ఆ రోజు నేను నేర్చుకున్న చివరి పాఠం. మర్యాద కోసం లేచి నిలబడి, సలాం చేసి, మెట్లు దిగి, గేటు దాటి, మొదట దొరికిన చెరుకు బండి చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. ఆ తర్వాత జరిగింది చక్రానికి, నాకు, నా కడుపుకు మధ్య విషయం.

తల ఎత్తేసరికి ఎదురుగా పిల్ల తండ్రి. కండువా భుజాన వేసుకొని, రైలు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. ఆయన కళ్లతో చూడటానికి వచ్చాడు. చూస్తున్నాడు.

భీమ్‌గల్ కిరాణా దుకాణం నా కళ్ల ముందు తిరిగింది. అప్పటికి అన్నీ తిరుగుతూనే ఉన్నాయి. ఆయన బండి మీదున్న రైతు నుంచి చెంబు తీసుకొని నా తల మీద నీళ్లు పోశాడు. నా వేళ్ల మధ్య ఇంకా ఇరుక్కొని ఉన్న సిగారును తీసుకొని, అలవాటుగా రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి పక్కకు పడేశాడు. తర్వాత వంగి నా ముఖంలోకి చూశాడు.

"ఎన్నడన్న తాగినవా?"

"లేదు మామా," అన్నాను.

అప్పటిదాకా ఆయన్ను ఏమని పిలవాలో తెలియక ఏ పేరూ లేకుండా మాట్లాడేవాణ్ణి. ఆ స్థితిలో నాలుక నా మాట వినలేదు. అనేసి నేనే బెదిరిపోయాను. ఆయన మాత్రం ఆ పిలుపును పక్కకు పడేయలేదు.

"బీడి గూడ?"

"బీడీ గూడ లేదు. అక్క ఊకోదు."

ఆయన బండి కాడి మీద కూర్చున్నాడు.

"నా పెద్దల్లునికి పర్మినెంటు నౌకరి," అన్నాడు. "దినాం ఒక కట్ట కాలుస్తడు. నా బిడ్డ చుట్టుడు, ఆయన కాల్చుడు. నేను చెకింగ్‌ల పడేసినయి గూడ ఏరుకపోతడు. భీమ్‌గల్ పిలగాడు వచ్చిండు మొన్న. కూసున్నంతసేపు చెవిమీద బీడి." రెండు వేళ్లు నొక్కి చూపించాడు. "బీడి అయితే నొక్కి సూస్తె తెలుస్తది. మనిషి లోపట ఏమున్నదో ఎట్ల సూడాలె? ఇయ్యాల నీ లోపటిదంత బయట సూసిన. తాగినోడు గిట్ల కక్కడు."

జీవితంలో నాకు దొరికిన ప్రశంసాపత్రాల్లో ఇదే గొప్పది. దీనికి సంతకం నేలమీద ఉంది.

అంతలో సాహెబు గేటు దగ్గరికి వచ్చాడు. ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. దొరకు కోపం లేదట, పెట్టెలో తడిగుడ్డ పెట్టి సగం సిగార్లు బతికించుకుంటానన్నాడట, నేను బాగానే ఉన్నానా అని అడిగాడట. అప్పటికప్పుడే మేనేజరుకు ఫోను చేసి నా గురించి మంచి మాటే చెప్పాడట. కానీ ఈ ఏడు పర్మినెంటుకు పై నుంచి మంజూరు లేదని మేనేజరు అన్నాడట. వచ్చే ఏడు చూద్దామన్నాడట. సాహెబు ఇదంతా చెప్పి, నా వైపు కాకుండా ఎడ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషికి నిజంగానే బాధగా ఉంది.

నేను మామ వైపు చూడలేకపోయాను. ఆయన కాడి మీద నుంచి దిగి కండువా దులిపాడు.

"కాకపోతె కాకపాయె," అన్నాడు సాహెబుతో. "సీజన్ల మీరు సాకుండ్రి సాబ్. అన్‌సీజన్ల నేను సాకుత. మా ఇంట్ల కూసొని ఆకు కత్తిరిస్తడు. చెయ్యి ఉన్నది, తాగే నోరు లేదు. ఇంకేం గావాలె?"

సాహెబు ఆయన చెయ్యి పట్టుకొని, ఇంత మంచి మాట ఈ ఫ్యాక్టరీలో ఎవరూ అనలేదు అన్నాడు. చాయ్ తాగిపొమ్మన్నాడు. నేను తాగలేనన్నాను. నిన్నెవరు అడిగారన్నాడు సాహెబు.

అక్కకు ఆదివారం ఈ సంగతంతా చెబితే ఆమెకు లగ్గం కుదిరినందుకు సంతోషం, దారం కట్టిన కొస నోట్లో పెట్టుకున్నా పొగ ఎందుకు రాలేదన్నది అనుమానం. సిగారులో నోట్లో పెట్టుకునే కొసే మూసి ఉంటుందని, దాన్ని తల అంటారని, తల కోసి తాగుతారని, నిప్పు పాదానికి పెడతారని వివరించాను. అక్క బీడీకి దారం బిగిస్తూ, తల కోసి, కాళ్లకు నిప్పు పెట్టేటోళ్ల నౌకరి పర్మినెంటు కాకపోవుడే మంచిదైంది అంది.

మిల్లు ఆగిన తర్వాత ఎండాకాలంలో మా పెళ్లి జరిగింది. చెప్పినట్టే మొదటి అన్‌సీజన్ మామ ఇంట్లో కూర్చున్నాను. పొద్దున్నే తడిపిన ఆకు నా ముందు పోసేవారు. దాని మీద రేకు అచ్చు పెట్టి చుట్టూ కత్తిరించాలి. చూడటానికి తేలికైన పని. నేను కత్తిరించినవి మామ సాయంత్రం వచ్చి చూసి సగానికి పైగా పక్కకు పడేసేవాడు. అల్లుడన్న కనికరం ఆయన వేళ్లకు లేదు.

పెళ్లయి కొన్నాళ్లయినా నా భార్య నాతో ఎక్కువగా మాట్లాడేది కాదు. అడిగినదానికి ఊ అనేది, లేకపోతే అదీ లేదు. ఒకరోజు పక్కన కూర్చొని చుట్టుకుంటూ, నా ముందున్న కుప్పలోంచి ఒక ఆకు తీసి వెలుతురుకు ఎత్తి పట్టింది.

"గిది ఎవలు కత్తిరిచ్చిండ్రు? ఈనె అడ్డం వోయింది," అంది.

నేనేనన్నాను. నా చేతిలోంచి కత్తెర తీసుకుంది. ఇంకో ఆకును తిప్పి, ఈనె నిలువుగా వచ్చేటట్టు అచ్చు కింద పెట్టి, నేను చూస్తున్నానో లేదోనని ఒకసారి నా వైపు చూసి, సగం దాకా కత్తిరించి కత్తెర నాకే ఇచ్చింది. మిగతా సగం నేను కత్తిరించాను. వంకరగా వచ్చింది. ఆమె దాన్ని పక్కకు పడేయకుండా చాటలో వేసుకుంది.